నూటికి నూరు వచ్చిన రాష్ట్రంలో ఎండిన బోర్లు

సుస్థిరాభివృద్ధి నివేదిక వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో ర్యాంకులే కనిపిస్తాయి. ఏ రాష్ట్రం మొదటిది, మనది ఎన్నోది, కిందటిసారి కంటే పైకెక్కామా దిగామా. విధానం రాసేవాళ్లకు మాత్రం ర్యాంకుతో పెద్దగా పని లేదు. ఒక సంఖ్య ఫలానా హద్దు దాటితే ఏ శాఖ, ఏ చట్టం కింద, ఏ పద్దులోని డబ్బుతో, ఎన్నాళ్లలో ఏం చెయ్యాలన్నది ముందే రాసిపెట్టి ఉండాలి. అది లేని సూచిక ఎంత కచ్చితమైనదైనా ఫైలులోనే ఉండిపోతుంది. ఈ సంగతిని భూగర్భజలం లెక్క పట్టుకుని చెప్పడం తేలిక. బావిలో నీటిమట్టం కొలవడం దగ్గర నుంచి చట్టం ప్రకారం బోరు ఆపడం దాకా మెట్లన్నీ కంటికి కనిపించే సూచికలు మన దేశంలో చాలా తక్కువ. వాటిలో ఇదొకటి.

ముందు చట్రం గురించి కొంచెం. ఐక్యరాజ్యసమితి 2015 సెప్టెంబరులో 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను, వాటి కింద 169 ఉపలక్ష్యాలను ఆమోదించింది. మన దేశంలో వాటిని కొలిచే పని రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి, కేంద్ర గణాంకాల మంత్రిత్వ శాఖ నడిపే జాతీయ సూచికల చట్రం. 2018లో 306 సూచికలతో మొదలై, చేర్పులూ తీసివేతలూ అయ్యాక 2024 నివేదిక నాటికి 290 అయింది. ఏ సూచికకు ఏ మంత్రిత్వ శాఖ సమాచారమివ్వాలి, ఎంతకాలానికొకసారి ఇవ్వాలి అన్నది అందులో రాసి ఉంటుంది. రెండోది నీతి ఆయోగ్ వేసే సూచీ. చట్రం విడివిడి కొలతలను ఇస్తుంది, సూచీ వాటిలో కొన్నిటిని ఏరి, కలిపి, మార్కులు వేస్తుంది. 2018లో 62 సూచికలతో, 2019లో 100తో, 2021లో 115తో, 2024లో 113తో ఇది వచ్చింది. దేశం మొత్తానికి వచ్చిన మార్కులు వరసగా 57, 60, 66, 71. ఈ నాలుగు చుక్కలనూ గీతతో కలిపి ప్రగతి అని చూపించడం సరైన పని కాదు. లోపలి కొలతలే మారిపోయాయి కాబట్టి, ఆ పెరుగుదలలో నిజమైన మార్పు ఎంతో, జాబితా మారడం వల్ల వచ్చింది ఎంతో విడదీయలేం. నాలుగు సంచికల్లోనూ ఒకే నిర్వచనంతో ఉన్న సూచికలను పక్కకు తీసి, వాటి అసలు విలువలనే పోల్చాలి.

మార్కు ఎలా తయారవుతుంది

పద్ధతి సులువైనదే. ఒక్కో సూచికకు ఒక లక్ష్యం పెడతారు. అంకె రూపంలో అంతర్జాతీయ లక్ష్యం ఉంటే అదే తీసుకుంటారు. ఉదాహరణకు ప్రసూతి మరణాలు లక్ష జననాలకు 70. అది లేకపోతే జాతీయ విధానంలో ఉన్నది, అదీ లేకపోతే ముందున్న మూడు రాష్ట్రాల సగటు. లక్ష్యం అందుకుంటే 100, అందరికంటే వెనకబడిన రాష్ట్రానికి 0. మధ్యలో ఉన్నవాళ్లకు ఆ దూరంలో ఎంత నడిచారో అంత. లక్ష్యం దాటి ఎంత ముందుకు పోయినా 100 దగ్గరే ఆపేస్తారు. తర్వాత ఐక్యరాజ్యసమితి లక్ష్యాల్లో ఒక్కోదాని కిందున్న సూచికలన్నిటికీ సమాన బరువుతో సగటు, ఆపైన ఆ లక్ష్యాల్లో దాదాపు అన్నిటికీ కలిపి సగటు.

భూగర్భజలంతో లెక్క కట్టి చూద్దాం. సూచిక: ఏటా తీసుకోదగిన నీటిలో తోడినది ఎంత శాతం. లక్ష్యం 70 శాతం. 2017 అంచనా ప్రకారం పంజాబ్‌లో ఇది సుమారు 166, హర్యానాలో 137, తెలంగాణలో 65, ఆంధ్రప్రదేశ్‌లో 44. పంజాబ్ అట్టడుగున ఉంది కాబట్టి 0. హర్యానాకు 166 లోంచి 137 తీసేస్తే 29, దాన్ని 96తో భాగిస్తే 30 మార్కులు. తెలంగాణకూ ఆంధ్రప్రదేశ్‌కూ చెరో 100. దేశం మొత్తం అప్పట్లో 63 శాతం, కనుక దేశానికీ 100.

ఇందులో మూడు ఇబ్బందులున్నాయి. 65 శాతం తోడే రాష్ట్రమూ 44 శాతం తోడే రాష్ట్రమూ ఒకే మార్కు దగ్గర కలిసిపోయాయి. హద్దుకు అయిదు శాతం దూరంలో ఉన్నవాళ్లకు హెచ్చరిక అందలేదు. తర్వాత, హర్యానా మార్కు పంజాబ్ మీద ఆధారపడింది. పంజాబ్ ఇంకా దిగజారి 180కి పోతే, హర్యానా ఒక్క బోరు కట్టెయ్యకుండానే దాని మార్కు 39కి పెరుగుతుంది. మూడోది సగటుతో వచ్చే నష్టం. నీరు, పారిశుద్ధ్యం లక్ష్యం కింద ఎనిమిది సూచికలున్నాయనుకుందాం. మరుగుదొడ్లు, కుళాయిలు, బడుల్లో వసతుల వంటి ఏడింటిలో 95 చొప్పున వచ్చి, భూగర్భజలంలో సున్నా వస్తే సగటు 83. నీతి ఆయోగ్ వర్గీకరణలో 65 దాటితే ముందు వరస. కాళ్లకింది నీళ్లు ఖాళీ అవుతున్న రాష్ట్రం ముందు వరసలో నిలబడుతుంది. మరుగుదొడ్డి కట్టి ఊటనీటిని పూడ్చుకోలేం కదా. ఒకదాని లోటును ఇంకొకటి తీర్చలేని చోట మామూలు సగటు వాడకూడదు. మానవాభివృద్ధి సూచీకి 2010 నుంచి గుణోత్తర సగటు (కూడడానికి బదులు గుణించి కట్టే సగటు) వాడుతున్నది ఇందుకే. ఒకదానిలో బాగా వెనకబడితే మొత్తం కిందికి లాగేస్తుంది. అదీ కుదరకపోతే సూచీ పక్కనే అతి తక్కువ మార్కు వచ్చిన సూచికను కూడా అచ్చువెయ్యాలి. ఖర్చులేని పని.

సగటు కింద దాగిన మండలాలు

ఆంధ్రప్రదేశ్ 44 శాతం అన్నది కృష్ణా, గోదావరి డెల్టాలనూ రాయలసీమనూ కలిపిన సంఖ్య. డెల్టాలో కాలువ నీరు ఇంకుతుంది, తోడేది తక్కువ. అనంతపురం, కడప, చిత్తూరు, ప్రకాశం వైపు గట్టిరాతి నేల, వాన తక్కువ, పంట బోరు మీదే. అతిగా తోడేసిన మండలాలు ఎక్కువగా అక్కడే ఉన్నాయి. రాష్ట్ర సగటుకు 100 మార్కులు వచ్చిన ఏడాదే అక్కడ బోరు మీద బోరు వేసి రైతు అప్పుల్లో కూరుకుపోవడం సాధ్యమే. అందుకే ఈ సూచికను చదవాల్సింది రాష్ట్రం దగ్గర కాదు. ఇతర రాష్ట్రాల్లో బ్లాకు లేదా తాలూకా యూనిట్ అయితే, మన రెండు రాష్ట్రాల్లో లెక్క మండలం దాకా వస్తుంది. కేంద్ర భూగర్భజల మండలి వర్గీకరణ ప్రకారం 70 శాతం వరకు భద్రం, 70 నుంచి 90 వరకు పాక్షికంగా క్లిష్టం, 90 నుంచి 100 వరకు క్లిష్టం, 100 దాటితే అతివినియోగం.

ఈ సంఖ్య ఎలా వస్తుందో తెలియకుండా దానిమీద ఉత్తర్వు జారీ చెయ్యకూడదు. భూగర్భజలం అంచనాకు వాడే 2015 పద్ధతిలో వానాకాలపు ఊటను, అంటే భూమిలోకి ఇంకి చేరే నీటిని, రెండు దారుల్లో కడతారు. మొదటిది నీటిమట్టం దారి: వానలకు ముందు, తర్వాత పీజోమీటర్లలో (మట్టం కొలవడానికే వేసిన బావుల్లో) మట్టం ఎంత పెరిగిందో చూసి, దాన్ని విస్తీర్ణంతోనూ నేల ఇవ్వగల నీటి వంతుతోనూ గుణించి, ఆ కాలంలో తోడినది కలుపుతారు. రెండోది వాన దారి: కురిసిన వానలో ఎంత వంతు ఇంకుతుందో ఒక గుణకం తీసుకుంటారు. రెండిటికీ తేడా 20 శాతం లోపు ఉంటే నీటిమట్టం లెక్క నిలబడుతుంది. నీటిమట్టం లెక్క అంతకు మించి తక్కువ వస్తే వాన లెక్కకు 0.8 వంతు, అంతకు మించి ఎక్కువ వస్తే 1.2 వంతు తీసుకుంటారు. దానికి మిగతా కాలపు ఊట, కాలువలు, చెరువుల వంటివాటి నుంచి ఇంకేది కలిపి, అందులోంచి వాగుల సహజ ప్రవాహానికి 5 లేదా 10 శాతం తీసేస్తే మిగిలేదే తీసుకోదగిన నీరు.

తప్పు జరిగేది ఎక్కువగా రెండు చోట్ల. నేల ఇచ్చే నీటి వంతు మొదటిది. శిథిలమైన గ్రానైటులో బంకమట్టి బాగా ఉంటే 1.5 శాతం, తక్కువుంటే 3 శాతం అని పద్ధతి చెబుతుంది. ఒక చదరపు కిలోమీటరులో మట్టం ఒక మీటరు పెరిగితే మొదటి లెక్కలో 15,000 ఘనపు మీటర్లు, రెండో లెక్కలో 30,000. మట్టి రకం మీద ఒక్క నిర్ణయంతో లెక్కలో ఈ భాగం రెట్టింపవుతుంది, మండలం ఎరుపు లోంచి ఆకుపచ్చలోకి పోవచ్చు. రెండోది తోడిన నీరు. వ్యవసాయ బోర్లకు మీటర్లు లేని చోట బోర్ల సంఖ్యను సగటు తోడివేతతో గుణించడమే దారి. బోర్ల సంఖ్యకు చాలా చోట్ల ఆధారం చిన్ననీటి వనరుల గణన. ఆరో గణనకు ఆధార సంవత్సరం 2017-18 అయితే నివేదిక వచ్చింది 2023లో. ఈలోగా వేసినవీ ఎండినవీ అందులో ఉండవు. ఎండిన బోరును నడుస్తున్నదిగా లెక్కిస్తే తోడివేత ఎక్కువ కనిపిస్తుంది, కొత్త బోరు లెక్కలోకి రాకపోతే తక్కువ కనిపిస్తుంది. ఉచిత విద్యుత్తు ఉన్న రాష్ట్రాల్లో ఫీడరు స్థాయి మీటరు రీడింగులతో ఈ అంచనాను సరిచూసుకోవడం కుదురుతుంది, తప్పకుండా చెయ్యాలి.

పద్ధతిలోనే ఒక మంచి కాపలా ఉంది, దాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. లెక్క ప్రకారం 70 శాతం లోపు ఉన్న చోట, వానలకు ముందూ తర్వాతా కూడా నీటిమట్టం ఏళ్ల తరబడి గట్టిగా పడిపోతూ ఉంటే ఆ లెక్కను ఒప్పుకోకుండా మళ్లీ చెయ్యాలి. 100 దాటిందని చెబుతున్న చోట మట్టం ఏమాత్రం తగ్గకపోయినా అంతే. ఒక లెక్కను స్వతంత్రమైన ఇంకొక కొలతతో ఇలా సరిచూసే ఏర్పాటు మిగతా సూచికల్లో చాలావాటికి లేదు, ఉండాలి.

వంటగ్యాస్ తీసుకోండి. ఉజ్వల పథకం 2016 మేలో మొదలైంది. కనెక్షన్ల లెక్కలో దేశం 90 శాతం దాటింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మాత్రం శుభ్రమైన ఇంధనంతో వండుకుంటున్న ఇళ్లు 59 శాతమే. రెండూ నిజాలే. మొదటిది ఇచ్చిన సిలిండరును లెక్కిస్తుంది, రెండోది పొయ్యిని చూస్తుంది. విధానం మొదటి సంఖ్యనే చూస్తే పని అయిపోయినట్టుంటుంది. రెండోది చూస్తే రెండో సిలిండరు ధర, పల్లెకు సరఫరా అనే అసలు పని మిగిలే ఉందని తెలుస్తుంది.

హద్దు, అధికారం, డబ్బు

2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అనేది, ఈ సూచికకు పళ్లు ఇచ్చింది. అతివినియోగం అని ప్రకటించిన చోట తాగునీటికి తప్ప కొత్త బోరు వెయ్యకూడదు. ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వేరే బోరు కూడదు. సూచిక, హద్దు, చర్య, అధికారి, నాలుగూ ఒకే గొలుసులో ఉన్నాయి. ఇంత స్పష్టంగా రాసిన నిబంధన పర్యావరణ విధానాల్లో అరుదు. లోపం ఎక్కడంటే, ఈ గొలుసు మెడకు పడేది ఇంకా బోరు లేని చిన్నరైతుకు. అప్పటికే నాలుగు బోర్లున్నవాడు తోడుకుంటూనే ఉంటాడు. రాత్రికి రాత్రి రిగ్గు తెచ్చి వేసేవాళ్లను ఆపే మనుషులు మండలంలో ఉండరు. పైగా చర్య 100 దాటాక మొదలవుతుంది. ఊరు ఎండిపోయాక నిషేధం వచ్చి ఏం లాభం? 70 దాటగానే పంటల నీటి లెక్క, బిందు సేద్యానికి మొదటి ప్రాధాన్యం, 90 దాటగానే కొత్త అనుమతులకు కోత, ఇలా మెట్లుగా ఉండాలి.

2019 డిసెంబరులో మొదలైన అటల్ భూజల్ యోజన ఇంకో దారి పట్టింది. 6,000 కోట్ల రూపాయలు, సగం ప్రపంచ బ్యాంకు రుణం, ఏడు రాష్ట్రాలు. మన రెండు రాష్ట్రాలూ అందులో లేవు. అందులో ప్రోత్సాహక నిధులు సూచికలు నెరవేరితేనే విడుదల. భూగర్భజల సమాచారం బయటపెట్టడం, పంచాయతీ నీటి ప్రణాళిక, ఇతర పథకాల నిధులు దానికి కలపడం, పొదుపు పద్ధతులు వాడటం, చివరగా మట్టం పడిపోయే వేగం తగ్గడం. ఈ వరస బాగా ఆలోచించి పెట్టినది. మట్టం ఒక్కదానికే డబ్బు కడితే మంచి వానలు పడిన ఏడాది ఏమీ చెయ్యనివాళ్లకు బహుమతి, కరువొచ్చిన ఏడాది కష్టపడినవాళ్లకు శిక్ష అవుతుంది. తెలంగాణలో తోడివేత శాతం 2017లో 65 ఉండగా 2022 నాటికి సుమారు 42కి తగ్గింది. మంచి వర్షాలు, చెరువుల పూడికతీత, కాలువ నీరు, మూడూ కలిసిన కాలం అది. వాటిని విడదీసే లెక్క చెయ్యకుండా ఏ ఒక్క పథకానికో ఘనత రాస్తే, తర్వాతి కరువులో ఆ పథకం మీదే నింద పడుతుంది. ఇలాంటి చోట మూడు నుంచి అయిదేళ్ల కదిలే సగటు, దాని పక్కన వర్షపాతం తేడా, రెండూ చూపించాలి.

సూచికకు డబ్బు కట్టినంత మాత్రాన పని జరగదని అడవుల విషయంలో తెలుస్తుంది. 15వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల పంపకంలో అడవులు, పర్యావరణానికి 10 శాతం బరువు ఇచ్చింది, దట్టమైన అడవుల విస్తీర్ణం ఆధారంగా. అడవి నిలబెట్టిన రాష్ట్రం ఆదాయం వదులుకుంటుంది కనుక ఇది న్యాయమే. కానీ వచ్చిన డబ్బు అడవి మీదే పెట్టాలన్న షరతు లేదు. పైగా అటవీ సర్వే నిర్వచనంలో ఒక హెక్టారు పైబడి, 10 శాతం పైగా చెట్ల నీడ ఉన్న నేలంతా, యజమాని ఎవరైనా, అడవి విస్తీర్ణం కిందే వస్తుంది. తోటలూ అందులోనే. ఉపగ్రహానికి నీడ కనిపిస్తుంది, అది సహజమైన అడవో యూకలిప్టస్ తోటో విడిగా చెప్పడానికి వేరే పరిశీలన కావాలి.

పంజాబ్ అనుభవం మరీ ముఖ్యం. భూగర్భజలం కాపాడాలని 2009లో చట్టం చేసి, జూన్ 10కి ముందు వరినాట్లు వెయ్యకూడదన్నారు. మండుటెండలో పొలం నింపితే ఆవిరైపోయే నీటిని మిగల్చాలన్నది ఉద్దేశం, మంచిదే. నాటు వెనక్కి జరిగింది, కోతా వెనక్కి జరిగింది, గోధుమ విత్తడానికి గడువు తగ్గింది. రైతు గడ్డి కాల్చే పని అక్టోబరు చివరికి, నవంబరుకు చేరింది. అప్పటికి గాలి చల్లబడి, కదలిక తగ్గి, పొగ ఢిల్లీ మీద నిలబడిపోయింది. వరి కొనుగోళ్లు, ఉచిత కరెంటు అలాగే ఉన్నాయి కనుక నీటి తోడివేత 100 శాతానికి చాలా పైనే ఉండిపోయింది. ఒక సూచిక మీద చర్య తీసుకునే ప్రతి ఫైలులో, ఆ చర్య వల్ల చెడిపోగల ఇంకో సూచికను జతగా రాయాలి, దాన్నీ అదే సమీక్షలో చూడాలి. నాట్ల తేదీ మార్చేటప్పుడు కోత తేదీని లెక్కవేసి ఉంటే గడ్డి సంగతి ముందే తెలిసేది.

సమయం, పొరపాటు హద్దు, నిర్వచనం మార్పు

కేంద్ర బడ్జెట్ ఫిబ్రవరి 1న వస్తుంది. శాఖలతో ఖర్చుల చర్చలు అంతకుముందు అక్టోబరు, నవంబరుల్లోనే మొదలవుతాయి. జాతీయ సూచికల నివేదిక జూన్ 29న, గణాంక దినోత్సవం నాడు వస్తుంది కాబట్టి శాఖలకు మూడు నెలలు దొరుకుతాయి. భూగర్భజల నివేదిక ఏడాది చివర్లో వస్తోంది. అప్పటికి పద్దులు దాదాపు ఖరారైపోతాయి. లెక్కలో ఏ తప్పూ లేకపోయినా ఏడాది ఆలస్యం అవుతుంది. దీనికి కొత్త పరికరాలేమీ అక్కర్లేదు, తాత్కాలిక అంచనాను సెప్టెంబరులోపు శాఖలకు ఇస్తే చాలు.

సర్వే ఆధారిత సూచికల్లో పొరపాటు హద్దు తప్పనిసరి. జిల్లాకు 900 ఇళ్లు చూసి, 20 శాతం అని తేలితే, నమూనా గుంపులుగా తీసినందుకు సర్దుబాటు చేశాక నిజమైన విలువ 17 నుంచి 23 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. రెండు సర్వేల మధ్య నాలుగున్నర శాతం లోపు తేడా వస్తే అది మార్పే అని చెప్పలేం. రెండు శాతం తగ్గిందని ఒక కలెక్టరును మెచ్చుకోవడం, రెండు శాతం పెరిగిందని ఇంకొకరిని మందలించడం రెండూ ఆధారం లేని పనులే. హారం కూడా చూసుకోవాలి. 2011 తర్వాత జనగణన పూర్తికాక, ఇళ్ల సంఖ్య అంచనా మీదే నడుస్తోంది. వలస ఎక్కువున్న జిల్లాల్లో ఒక పథకం వ్యాప్తి నూరు శాతం దాటి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది హారాన్నే.

నిర్వచనమో యూనిట్టో మారినప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 2022లో దేశంలో 7,089 భూగర్భజల యూనిట్లు ఉండగా 1,006 అతివినియోగంలో ఉన్నాయి. 2023లో యూనిట్లు 6,553, అతివినియోగం 736. 270 యూనిట్లు బాగుపడ్డాయని రాయడానికి లేదు, ఎందుకంటే గీతలే మారాయి. చిన్న యూనిట్లను కలిపి పెద్దవి చేస్తే ఎండిన ఊరు పక్క ఊరి నీటితో సగటులో కలిసిపోతుంది. ఇలాంటి మార్పు చేసేటప్పుడు కనీసం ఒక సంవత్సరానికి పాత యూనిట్లతోనూ కొత్త యూనిట్లతోనూ రెండు లెక్కలూ కట్టి పక్కపక్కన ప్రచురించాలి. పాత వరసను తీసెయ్యకుండా అందరికీ అందుబాటులో ఉంచాలి. మండలాల విభజన జరిగిన మన రెండు రాష్ట్రాల్లో ఈ పని ఇంకా అవసరం. ఒక మండలం రెండైతే, పాత మండలం మీద ఉన్న బోరు నిషేధం కొత్తదానికి వర్తిస్తుందో లేదో ఉత్తర్వులో విడిగా రాయకపోతే, మొదటి రిగ్గు దిగేది ఆ సందులోనే.